పార్టీలు మాట్లాడుకోనప్పుడు మతపెద్దలు ఏం చేయగలరు?

తెరపై: గుంటూరు, జిన్నా టవర్ సెంటర్. సాయంత్రం ట్రాఫిక్.

నమస్తే అండీ. నా వెనక ఉన్నది జిన్నా టవర్. పేరు మార్చాలని కొందరు, వద్దని కొందరు గొడవ పడ్డాక, 2022 ఫిబ్రవరిలో దీనికి మూడు రంగులూ వేశారు. రంగుల సంగతి అలా ఉంచండి, ఈ వీడియో మాటల గురించి. రెండు రాజకీయ పక్షాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశాక, ఒక ఇమామో, బిషప్పో, స్వామీజీనో వచ్చి "కూర్చుని మాట్లాడుకోండి" అంటే నిజంగా పనవుతుందా?

ముందు నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను.

కొన్నేళ్ళ క్రితం వినాయక చవితి ముందు మా బాబాయి వెంట శాంతి కమిటీ మీటింగుకి వెళ్ళాను. పోలీస్ స్టేషన్‌లో వెనక గది, ప్లాస్టిక్ కుర్చీలు, పేపర్ కప్పుల్లో టీ. ఒకవైపు ఉత్సవ కమిటీ కుర్రాళ్ళు, ఎదురుగా మసీదు కమిటీ, మూలన పాస్టరు గారు. పంచాయితీ అంతా ఒక్క పావుగంట గురించే. నిమజ్జనం ఊరేగింపు మసీదు ముందుకొచ్చేసరికి ఇషా, అంటే రాత్రి నమాజు వేళవుతుంది. డీజే ఆపాలా, వద్దా? గంటన్నరైనా తెగలేదు. సీఐ గారు వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు మసీదు పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, నెమ్మదిగా అన్నారు: "మీరేం ఆపొద్దు బాబూ. ఆ రోజు జమాత్ మేమే పావుగంట వెనక్కి జరుపుకుంటాం. మావాళ్ళకి నేను చెప్తాను."

అందరికంటే గట్టిగా అరిచిన కుర్రాడే ముందు తల దించాడు. "అదెట్టా తాతా, మేమే ఆపేస్తాంలే."

పెద్దాయన చివర అన్న మాట గుర్తుంచుకోండి. "మావాళ్ళకి నేను చెప్తాను." ఆ మాట సీఐ అనలేడు. ఎమ్మెల్యే అనొచ్చు, కానీ ఎదుటి పార్టీ నమ్మదు.

తెరపై: ఆఫ్రికా మ్యాపు. ఆగ్నేయ తీరంలో మొజాంబిక్.

ఇప్పుడు ఇదే సంగతి దేశమంత పెద్దది చేసి చూద్దాం. మొజాంబిక్‌లో 1977 నుంచి ఫ్రెలిమో ప్రభుత్వానికీ, రెనామో తిరుగుబాటుదారులకీ యుద్ధం. యుద్ధం, దాని వెంటే వచ్చిన కరువు కలిసి దాదాపు 10 లక్షల మందిని మింగేశాయి. ప్రభుత్వం రెనామోని బందిపోట్లు అనేది. బందిపోట్లతో చర్చలేంటి? ఆ మాట ఒకసారి నోరు జారాక వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

అక్కడ దారి దొరికింది బెయిరా నగర ఆర్చిబిషప్ జైమె గొన్సాల్వెస్ వల్ల. ఆయనా, రెనామో నాయకుడు అఫోన్సో ద్లకామా ఇద్దరూ న్దౌ జాతివాళ్ళే, ఒకే ప్రాంతంవాళ్ళే. ఆర్చిబిషప్ అడవిలోకి వెళ్ళి ఆయన్ని కలిసొచ్చారు. తర్వాత చోటు చూపించింది రోమ్ నగరంలోని సాంత్ ఎజీదియో. 1968లో పుట్టిన కేథలిక్ భక్తుల సంఘం అది. పాత కాన్వెంట్ ఒకటి వాళ్ళ ఆఫీసు. సైన్యం లేదు, ఆంక్షలు పెట్టే బలం లేదు. ఉన్నదల్లా ఒక గది, బోలెడంత ఓపిక.

1990 జూలైలో మొదటిసారి కూర్చున్నారు. ఆ సమావేశం చివర వచ్చిన ఉమ్మడి ప్రకటనలో ఇరుపక్షాలూ తమని గొప్ప మొజాంబిక్ కుటుంబ సభ్యులుగా చెప్పుకున్నాయి. నిన్నటిదాకా బందిపోటు, ఇవాళ ఇంటిమనిషి. ఆయుధాలు, ఎన్నికలు, సైన్యం లెక్కలు అన్నీ తర్వాత 27 నెలలు నలిగాయి. 1992 అక్టోబర్ 4న సంతకాలు, 1994లో ఐక్యరాజ్యసమితి బలగాల సమక్షంలో ఎన్నికలు.

అంతటితో కథ కంచికి వెళ్ళలేదు. 2013లో మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి, 2019లో ఇంకో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. మతపెద్దలు కూర్చోబెట్టగలరు, అంతే. ఆ తర్వాత కాపురం చేయాల్సింది పార్టీలే.

తెరపై: బంగీ నగరం.

సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లో ముస్లిం, క్రైస్తవ సాయుధ ముఠాలు కొట్టుకుంటున్నప్పుడు ఒక ఆర్చిబిషప్, ఒక ఇమాం, ఒక పాస్టరు కలిసి ఊరూరూ తిరిగి ఇది మతయుద్ధం కాదని చెప్పారు. ఉపన్యాసాలు ఎవరైనా ఇస్తారు. 2013 డిసెంబరులో రాజధాని బంగీ రగిలినప్పుడు ఇమాం ఒమర్ కోబిన్ లయామా కుటుంబానికి చోటిచ్చింది ఆర్చిబిషప్ ద్యూదొన్నె న్జాపలైంగా ఇల్లు. ఇమాం నెలల తరబడి అక్కడే ఉన్నారు. ఆ ఇంట్లోంచి వచ్చిన మాటకి బరువెందుకుండదు?

ఇక మన సంగతి. ఇక్కడ చాలామంది తికమకపడతారు: "మతాన్ని రాజకీయాల్లోకి లాగకూడదు కదా, మరి ఇదేంటి?" నిజమే, గీత ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951, సెక్షన్ 123(3) ప్రకారం మతం పేరుతో ఓటడగడం అవినీతికర చర్య, ఎన్నికే రద్దు కావచ్చు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 మెజారిటీతో ఇంకో మెట్టు బిగించింది: అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే. 1988 చట్టం ఒకటుంది, దాని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. గుడి, మసీదు, చర్చి ఆవరణని రాజకీయ ప్రచారానికి వాడనిస్తే నిర్వాహకులకి ఐదేళ్ళ దాకా జైలు.

ఫలానా గుర్తుకి వేయండి అనడం వేరు, ఇద్దరూ ఒక బల్ల దగ్గరికి రండి అనడం వేరు. మొదటిది చేసిన మనిషి రెండోది చేయలేడు, నా లెక్కలో అసలు చిక్కు ఇదే. ఎన్నికల ముందు ఒక పార్టీ వేదికెక్కి దీవించిన పెద్దాయన, గొడవయ్యాక "నేను అందరివాణ్ణి" అంటే నవ్వరూ?

మనకీ ఒక పెద్దమనుషుల ఒప్పందం ఉంది, ఆంధ్ర, తెలంగాణ కలిసే ముందు రాసుకున్నది, 1956 ఫిబ్రవరి 20. పేరు పెద్దమనుషులదే గానీ కూర్చున్నవాళ్ళంతా రాజకీయ నాయకులు. మాట తప్పితే నిలదీయడానికి బయటి మనిషి ఒక్కడూ లేడు. 1969లో తెలంగాణ, 1972లో జై ఆంధ్ర. పెద్దరికానికి మతమే ఉండాలనీ లేదు లెండి. పక్కనే విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గారు పార్టీలే లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. ఆయన మీద ఇంకో వీడియో చేస్తాను.

తెరపై: రాత్రి, పాత గుంటూరు వీధి.

ఆ ఏడాది ఊరేగింపు ఎనిమిదింటికి మసీదు ముందుకొచ్చింది. కుర్రాళ్ళు అన్నట్టే డీజే ఆపారు. లోపల పెద్దాయన కూడా అన్నట్టే జమాత్ పావుగంట వెనక్కి జరిపారు. ఇద్దరూ ఆగడంతో ఆ పావుగంటా వీధిలో జనరేటరు చప్పుడొక్కటే వినపడింది.