దెబ్బ తగిలిన కుక్కకి గంజాయి పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. నేను పశువైద్యుణ్ణి, ఈ విశాఖలోనే ప్రాక్టీసు. ఈ ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మాట్లాడమని పిలిచినప్పుడు కుక్కల వ్యాక్సిన్ల గురించి చెప్పమన్నారు. విషయం మార్చమని నేనే అడిగాను. ఈమధ్య నా గదిలో తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, మా కుక్క నొప్పితో అల్లాడిపోతోంది. కొంచెం గంజాయి పెడితే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?"

ఇలా అడిగేవాళ్ళ మీద నాకు కోపం రాదు. హైవే మీద లారీ తగిలి తుంటి ఎముక విరిగిన కుక్క రాత్రంతా మూలుగుతుంటే పక్కన కూర్చున్న మనిషికి నిద్ర పట్టదు. చేతికి ఏది అందితే అది ఇవ్వాలనిపిస్తుంది. మన దురదృష్టం ఏమిటంటే ఇక్కడ గంజాయి చేతికి అందే వస్తువు. పాడేరు, చింతపల్లి కొండల్లో సాగు, అక్కణ్ణించి దిగే రవాణా గురించి మీకు చెప్పక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఆకూ పూతా కాకుండా ఇప్పుడు నూనె కూడా చిన్న సీసాల్లో తిరుగుతోంది, లిక్విడ్ గంజాయి అంటున్నారు. కుక్కల విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ సీసాయే.

కారణం చెప్తాను. మనకున్నట్టే కుక్కకీ పిల్లికీ ఒంట్లో కన్నబినాయిడ్ గ్రాహకాలు, అంటే గంజాయి లాంటి పదార్థాలు వచ్చి అతుక్కునే చోట్లు, ఉంటాయి. నొప్పి, ఆకలి, నిద్ర వీటిని సర్దే పనిలో వాటికి పాత్ర ఉంది. గంజాయి మొక్కలో వాటి మీద పనిచేసే పదార్థాలు చాలా ఉన్నా మనకి ముఖ్యమైనవి రెండు. మత్తెక్కించేది టీహెచ్‌సీ. మత్తు లేనిది సీబీడీ. ఈ రెండో దాని పేరు వినే చాలామంది మొదటిది పెడుతున్నారు. ఊళ్ళో దొరికే గంజాయిలోనూ, ఆ నూనెలోనూ మత్తు ఇచ్చే పదార్థం కోసమే బేరం జరుగుతుంది. సీబీడీ ఎంతుందో ఎవరూ చూడరు.

కుక్క మెదడులో, ముఖ్యంగా నడకనీ తూకాన్నీ నడిపే చిన్నమెదడులో, ఈ గ్రాహకాలు మనిషికంటే చాలా దట్టంగా ఉంటాయి. అందుకే మనిషికి చిన్న మత్తు అనిపించే మోతాదు కుక్కని పడగొట్టేస్తుంది. తిన్న అరగంట, గంటకి మొదలవుతుంది. నిలబడితే తూలుతుంది, తల ఊగుతుంది, చెయ్యి దగ్గరికి తెస్తే ఉలిక్కిపడుతుంది, తెలియకుండానే ఒంటేలు కారిపోతుంది. గుండె నెమ్మదిస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఒక్కోసారి ఇది మూడు రోజుల దాకా ఉంటుంది. ఆ కళ్ళు మూతలు పడుతుంటే "హమ్మయ్య, నొప్పి తగ్గి పడుకుంది" అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. అది నొప్పి తగ్గడం కాదండీ. దానికి మనకి చెప్పుకునే శక్తి పోయింది, అంతే.

దెబ్బ తగిలిన జంతువు విషయంలో ఇంకో పెద్ద చిక్కుంది. ఆరిలోవ నుంచి ఒక కుర్రాడు కారు గుద్దిన కుక్కని ఎత్తుకొచ్చాడు. వెనక కాళ్ళు లేవట్లేదు, ఒళ్ళు చల్లగా ఉంది, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, పిలిస్తే సరిగ్గా చూడట్లేదు. తలకి దెబ్బ తగిలిందా? కడుపులో రక్తం కారుతోందా? షాకులోకి వెళ్తోందా? అన్నీ అనుమానించాలి. స్కాన్ చేశాం, రక్తం తీశాం, సెలైన్ ఎక్కించాం. చాలాసేపటికి ఆ అబ్బాయి దగ్గరికొచ్చి, స్నేహితుడెవరో నూనె చుక్కలు నాకించాడని చెప్పాడు. "పోలీసులకి చెప్పేస్తారేమోనని భయమేసింది బాబూ" అన్నాడు. ఆ కుక్క బతికింది. కానీ ఆ సమయమంతా మేము రెండు జబ్బుల్ని ఒకటిగా చూస్తూ ఉన్నాం. మత్తు ఇచ్చి ఎముక సరిచెయ్యాల్సి వస్తే ఆ విషయం తెలియకపోవడం ఇంకా ప్రమాదం. మనుషుల మూత్రం పరీక్షకి వాడే స్ట్రిప్పులు కుక్క దగ్గర చాలాసార్లు తప్పు చూపిస్తాయి కాబట్టి, మీరు నోరు విప్పితే తప్ప మాకు తెలిసే దారి లేదు. పెట్టినా, పొరపాటున తిన్నా, ఎంత, ఎప్పుడు అని వెంటనే చెప్పండి. మగతగా ఉన్నదాని చేత ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మరి సీబీడీ సంగతేమిటి అని చదువుకున్న కుర్రవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2018లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు కీళ్ళ అరుగుదల ఉన్న కుక్కలకి కిలో బరువుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు ఇచ్చి చూశారు. నొప్పి తగ్గి, కదలిక మెరుగైంది. కొన్నిటికి కాలేయానికి సంబంధించిన ఒక ఎంజైమ్ పెరిగింది. 2021లో అచ్చుకెక్కిన మరో పరిశోధనలో మందుకీ ఉత్త నూనెకీ తేడా కనబడలేదు. రెండూ ముసలి కీళ్ళ నొప్పి మీదే. నిన్న విరిగిన కాలికి ఇది పనిచేస్తుందని ధైర్యంగా చెప్పడానికి ఆధారం లేదు. జంతువుల కోసం గంజాయి మందు ఒక్కదానికి కూడా అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇవ్వలేదు. పరిశోధన జరగాలి, మంచి ఫలితం వస్తే మొదట సంతోషించేవాణ్ణి నేనే. అంతవరకు మీ కుక్క మీద ప్రయోగం వద్దు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఒక మాట. జనపనార (హెంప్, గోనె సంచుల జనపనార కాదు, గంజాయి జాతి మొక్క) గింజల నూనె అని వచ్చేది తిండి వస్తువు, 2021లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంది. అందులో సీబీడీ దాదాపు ఉండదు, నొప్పికి పనికిరాదు. ఆయుర్వేదంలో విజయ పేరుతో గంజాయి ఆకు నుంచి చేసే నూనెల్లో టీహెచ్‌సీ కూడా ఉండొచ్చు. అవి వైద్యుడి చీటీ లేకుండా వాడేవి కావు. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుపదార్థాల చట్టం ప్రకారం కిలో లోపు గంజాయి దొరికినా ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ లిక్విడ్‌ని చట్టం చరస్ (గంజాయి మొక్క జిగురు) కింద లెక్కగడుతుంది, అక్కడ ఈ తక్కువ శిక్ష 100 గ్రాముల వరకే. కుక్క కోసం తెచ్చానంటే వదిలే నిబంధన లేదు.

ఇప్పుడు అసలు నేను చెప్పదలచుకున్నది. జనం గంజాయి దాకా ఎందుకు వెళ్తున్నారు? నొప్పికి సరైన మందు అందక. ఎముకకి కట్టు కట్టి, యాంటీబయాటిక్ రాసి, నొప్పి మాట ఎత్తకుండా ఇంటికి పంపిన జంతువుల్ని నేను చూశాను. మా వృత్తిలో ఇది మారాలి. మందులు ఉన్నాయి. బరువుని బట్టి, ఒంట్లో నీళ్ళు తగ్గలేదని, మూత్రపిండాలు సరిగ్గా ఉన్నాయని చూసి, తిండితో ఇచ్చే మెలాక్సికామ్ ఉంది. నరాల నొప్పికి గాబాపెంటిన్ ఉంది. ఆసుపత్రిలో బ్యూప్రినార్ఫిన్ లాంటి ఇంజెక్షన్లు, దెబ్బ తగిలిన చోటుకి మొద్దుబారే మందు ఉన్నాయి. విరిగిన ఎముక కదలకుండా ఉంచడమే సగం వైద్యం.

మీ ఇంటి మందుల డబ్బా మాత్రం ముట్టుకోకండి. పారాసిటమాల్ ఒక్క బిళ్ళ పిల్లిని చంపగలదు, దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకి కడుపులో పుళ్ళు పుట్టించి మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి.

నొప్పి ఉందని ఎలా తెలుస్తుందని అడుగుతారు. కుక్క అరవక్కర్లేదు. ఎండ లేకపోయినా రొప్పుతుంది, ఒకచోట పడుకోలేక పదేపదే లేస్తుంది, ఒకే చోట నాకుతుంది. పిల్లి మంచం కిందికి దూరుతుంది, ఒళ్ళు నాక్కోవడం మానేస్తుంది. ఇవి ఫోన్‌లో వీడియో తీసి తెస్తే మాకు ఎంతో మేలు, ఎందుకంటే క్లినిక్కులో టేబుల్ మీద భయంతో అవి బిగుసుకుపోతాయి.

డిశ్చార్జ్ చేసేటప్పుడు మొహమాటపడకుండా డాక్టర్ని అడగండి. ఈ రాత్రికి నొప్పి మందు ఏది? ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు? అది చాలకపోతే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఊరి బయటుంటే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం వస్తుందేమో కనుక్కోండి. ఇక మీ ప్రశ్నలు. వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయితో మొదలుపెడదాం.