ఓరుగల్లు రాజుల ఓడరేవు

నమస్తే అండి. ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాల దగ్గర ఉన్నాను. ఇక్కడికి ఏ చుట్టాన్ని తీసుకొచ్చినా ఒక మాట అంటారు: "కాకతీయులవి చెరువులే కదా, వాళ్లకు సముద్రం ఎక్కడిది?" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సముద్రం ఉంది, రేవూ ఉంది. దాని పేరు మోటుపల్లి. ఇప్పుడది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక చిన్న ఊరు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు.

ఎవరికి అభయం? అది అర్థం కావాలంటే ఒకసారి మన వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు రండి.

మహబూబాబాద్ వైపు నుంచి ఒక రైతు 30 బస్తాల మిర్చి ట్రాలీలో వేసుకుని బయలుదేరాడు. దారిలో గాలివాన వచ్చి ట్రాలీ ఒరిగింది, బస్తాలన్నీ పక్క చేలో పడ్డాయి. ఆ చేను ఆసామి వచ్చి "నా పొలంలో పడ్డాయి, ఇక నావే" అంటే ఊరు ఊరుకుంటుందా? తీరంలో మాత్రం అప్పట్లో అచ్చం ఇదే జరిగేది. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు బలవంతంగా తీసుకునేవారని ఆ శాసనమే చెబుతోంది.

గణపతిదేవుడు ఆ పద్ధతి మానేశాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్లపై దయతో, సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేశాడు. ఆ సుంకం ఎంతో తెలుసా? ముప్పయ్యో వంతు. ఎగుమతికీ అంతే, దిగుమతికీ అంతే. అంటే మన రైతు గేటు దగ్గర ఒక్క బస్తా ఇచ్చి 29 బస్తాలు హాయిగా అమ్ముకోవచ్చు. ట్రాలీ ఒరిగినా సరే!

నాకు ఇందులో దయతో పాటు గొప్ప తెలివి కూడా కనిపిస్తుంది. అన్నీ లాక్కుంటే ఆ రైతు వచ్చే ఏడు ఖమ్మం మార్కెట్‌కు పోతాడు. ఊరికెళ్లి పదిమందికి చెప్తాడు, వాళ్లూ ఖమ్మమే పోతారు. ఓడలూ అంతే, ఇంకో రేవు చూసుకుంటాయి. అన్నట్టు, ఆ రోజుల్లో మిర్చి మన దేశానికి ఇంకా రాలేదు, కారమంటే మిరియాలే. ఆ మిరియాలకూ శాసనంలో సుంకం రాసి ఉంది. మంచి గంధం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పగడాలు... ఇవన్నీ మన ఓరుగల్లు రాజు రేవులో దిగిన సరుకులు!

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ మోటుపల్లి గురించే. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. రాణి పాలననూ పొగిడాడు కానీ, ఆమె చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. నిజానికి ఆ రాణి రుద్రమదేవి, గణపతిదేవుడి కూతురు. కాకతీయుల తర్వాత రెడ్డి రాజుల్లో అనపోతారెడ్డి 1358లో వర్తకులను రమ్మంటూ అక్కడే మళ్లీ శాసనం వేయించాడు.

వరంగల్‌లో చెన్నై వైపు రైలెక్కి చీరాలలో దిగండి, అక్కడి నుంచి మోటుపల్లి దగ్గరే. ముందు గుడికి వెళ్లి ఆ స్తంభం చూడండి, తర్వాత సముద్రం.