పాత థియేటర్‌లో నృత్య పాఠశాల: అద్దాల కంటే ముందు నేల

[దృశ్యం: చీకటి హాలు. టార్చి వెలుగు కుర్చీల వరుసల మీదుగా స్టేజీ వైపు కిందికి జారుతుంది.]

వెనక కూర్చున్నవాళ్లకు ముందువాళ్ల తల అడ్డం రాకూడదు. ఈ హాలు కట్టినవాళ్లు ప్రధానంగా చూసుకున్నది అదే. అందుకే నేల వాలుగా ఉంది, బాల్కనీ ముందుకు వేలాడుతోంది. కదలకుండా కూర్చునేవాళ్ల కోసం కట్టిన ఈ చోట ఇకపై అందరూ ఎగురుతారు. కాబట్టి అద్దాలూ రంగులూ పక్కన పెట్టి, ముందు నేల కొలుద్దాం.

[దృశ్యం: హాలు నిలువుకోత బొమ్మ. వాలు గీత మీద సమతల గీత పడుతుంది.]

హాలు పొడవు 24 మీటర్లు, వాలు 15 మీటర్లకు 1 మీటరు అనుకుందాం. వెనక తలుపుకీ ముందు వరుసకీ ఎత్తులో తేడా 1.6 మీటర్లు వస్తుంది. కాంక్రీటు పోసి చదును చేద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. సగటు లోతు 80 సెంటీమీటర్లు. అంటే చదరపు మీటరుకు దాదాపు 2 టన్నులు. పాత పునాది ఆ బరువుకు కట్టింది కాదు. పైగా పాత నేల శాశ్వతంగా పూడిపోతుంది.

దానికి బదులు పాత నేల మీద ఉక్కు కాళ్లు నిలబెట్టి, బోల్టులతో బిగించే చట్రం వేయండి. రేపు విప్పితే పాత హాలు యథాతథంగా బయటపడాలి. చారిత్రక కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడటం మంచిదే గానీ దాని అమరికనూ అలంకరణనూ మార్చకూడదని పాత కట్టడాల సంరక్షణపై 1964లో వచ్చిన అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్ చెబుతుంది. విప్పదగిన చట్రం ఆ మాటకు దగ్గరగా ఉంటుంది.

కొత్త నేల ఏ ఎత్తులో ఉండాలి? లాబీ ఎత్తులోనే. కింది మట్టానికి దించితే చక్రాల కుర్చీకి 12కి 1 వాలుతో 19 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చోట్లు అదనం. లాబీ ఎత్తులో ఉంచితే అక్కడ ర్యాంపే అక్కర్లేదు. అయితే స్టేజీ పక్కనున్న అత్యవసర తలుపులు కొత్త నేలకంటే కిందికి పోతాయి. వాటి దగ్గర మెట్లకు స్థలం ప్లానులోనే వదలాలి. ఇది మరిచిపోతే అగ్నిమాపక అనుమతి దగ్గర పని ఆగుతుంది. చట్రం కింద ఖాళీని కూడా మంట పాకకుండా అడ్డుతెరలతో గదులుగా విడగొట్టాలి, గాలి ఆడటానికి దారి ఉంచాలి. గాలి ఆడకపోతే చెక్క కుళ్లుతుంది. కుర్చీల కింద పాతకాలపు గాలి రంధ్రాలుంటే మూసేయకండి. కొత్త వెంటిలేషన్‌కు అవి సిద్ధంగా ఉన్న దారులు.

[దృశ్యం: బాల్కనీ కింది భాగం. ఎత్తు కొలిచే లేజరు చుక్క.]

నేల పైకి లేచింది కాబట్టి బాల్కనీ కింద ఎత్తు తగ్గింది. భాగస్వామిని పైకెత్తే నృత్యాలకు 4.5 మీటర్లయినా ఉండాలి. అందుకని అక్కడ స్టూడియో పెట్టకండి. బట్టలు మార్చుకునే గదులకూ, చూసేవాళ్లు కూర్చోవడానికీ సరిపోతుంది.

మరి బాల్కనీ పైన? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఐరోపా కట్టడ ప్రమాణాలైన యూరోకోడ్ ప్రకారం బిగించిన కుర్చీలున్న చోటుకు చదరపు మీటరుకు 3 నుంచి 4 కిలోన్యూటన్ల (ఒక్కోటి దాదాపు 100 కిలోల బరువు) భారం లెక్క, నృత్యశాలకు 4.5 నుంచి 5. ఈ తేడాను ఉక్కు జోడించి సర్దవచ్చు. అసలు చిక్కు తాళంతో వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల పాటకు అందరూ కలిసి ఎగిరితే సెకనుకు 2 సార్లు తోపు పడుతుంది, దాని గుణిజాలైన 4, 6 హెర్ట్జ్‌ల (సెకనుకు 4, 6 సార్లు) దగ్గరా తోపు ఉంటుంది. ముందుకు వేలాడే పొడవైన బాల్కనీ సహజ కంపనం ఆ పరిధిలోనే ఉంటే, ఊయలను సరైన సమయంలో తోసినట్టే. ఊపు పెరుగుతూ పోతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత కంపన పరీక్ష చేయించకుండా అక్కడ క్లాసు పెట్టవద్దు. మా సలహా అడిగితే, పరీక్ష నెగ్గినా అక్కడ కుర్చీలే ఉంచండి.

[దృశ్యం: సీలింగు నగిషీ. కెమెరా అటక మీదికి వెళుతుంది.]

ఇక తల మీద ఉన్నది. 1901 నాటి లండన్ అపోలో థియేటర్‌లో 2013 డిసెంబరు 19న, ప్రదర్శన నడుస్తుండగానే సీలింగులో కొంత భాగం ప్రేక్షకుల మీద పడింది. ప్లాస్టర్‌ను పైనుంచి పట్టి ఉంచే గోనెపీచు కట్లు ఏళ్ల తరబడి బలహీనపడ్డాయి. కింద నిలబడి చూస్తే ఇలాంటివి తెలియవు. అటకెక్కి ఒక్కో కట్టునూ చూడాలి, నీటి మరకలున్న చోట రెండుసార్లు.

[దృశ్యం: కుర్చీలు తీసేసిన హాలు. ఒక చప్పట్టు, పొడవైన ప్రతిధ్వని.]

కుర్చీలు తీసేశాక ఈ మోత విన్నారా? మెత్తటి కుర్చీలే ఇన్నాళ్లూ శబ్దాన్ని మింగాయి. సాబిన్ సూత్రం ప్రకారం గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చవేసి, మొత్తం శోషణతో, అంటే గది శబ్దాన్ని మింగే శక్తితో, భాగిస్తే ప్రతిధ్వని కాలం (మోత అణగడానికి పట్టే సమయం) వస్తుంది. 3000 ఘనమీటర్ల హాల్లో శోషణ 350 చదరపు మీటర్లయితే 1.4 సెకన్లు. 400 కుర్చీలు తీసేస్తే సుమారు 200 పోతుంది, కాలం 3.2 సెకన్లకు చేరుతుంది. టీచరు లెక్క చెబితే ఒకటీ రెండూ కలిసిపోతాయి. దాన్ని 1.2కి దించాలంటే దాదాపు 250 చదరపు మీటర్ల శోషణ చేర్చాలి. నగిషీ గోడలకు మేకులు కొట్టకుండా మందపాటి తెరలూ, విడిగా నిలబడే ప్యానెళ్లూ వాడండి.

[దృశ్యం: నేల పొరలు ఒక్కొక్కటిగా పేర్చుకుంటాయి.]

దూకిన దెబ్బను మింగే స్ప్రింగు నేల అన్నిటికంటే చివర. ప్లాస్టర్, రంగులు ఆరకముందే వేస్తే చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. కింది నుంచి: చట్రం మీద రబ్బరు ప్యాడ్లు, వాటిపై చెక్క బద్దలు, అడ్డంగా ఇంకో వరుస బద్దలు, ఆపైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు. రెండు పొరల అతుకులూ ఒకే చోటికి రాకూడదు. గోడ చుట్టూ 15 మిల్లీమీటర్ల సందు వదలండి, దాన్ని కప్పే పట్టీని గోడకే కొట్టండి. నేలకు కూడా కొడితే స్ప్రింగు బిగుసుకుపోతుంది. అప్పుడు దూకిన దెబ్బంతా మోకాళ్లకే. పైపొర సంగతి: బ్యాలేకు వినైల్, అడుగుల చప్పుడు వినబడాల్సిన కథక్, ట్యాప్ డ్యాన్స్‌లకు గట్టి చెక్క. రెండింటికీ ఒకే గది సర్దుదామంటే ఏదీ సరిగా రాదు.

అద్దాలకు వెనక, పగిలినా ముక్కలు రాలకుండా పట్టి ఉంచే ఫిల్ము తప్పనిసరి. వాటినీ పాత గోడకు కాక విడి చట్రానికి బిగించాలి. పట్టుకునే బార్ పెద్దలకు సుమారు 1.1 మీటర్ల ఎత్తులో, పిల్లలకు 80 సెంటీమీటర్ల దగ్గర. వినైల్ చుట్టలను ముందురోజే గదిలో పరిచి ఉంచండి. ముడతలు వాటంతట అవే సర్దుకున్నాక అంచులకు టేపు వేయండి.