మలకాల్‌లో మొదటి నెల

నమస్తే అందరికీ. ఆదోని పక్కన మా ఊరి తమ్ముడు ఒకడు మొన్న ఫోన్ చేశాడు. వాళ్ల బెటాలియన్‌కు ఐక్యరాజ్యసమితి డ్యూటీ పడింది, దక్షిణ సూడాన్, ఏడాది. "అన్నా, డ్యూటీ సంగతి ట్రైనింగ్‌లో చెప్తారు, అక్కడ దినాలు ఎట్లా గడుస్తాయో అది చెప్పు" అన్నాడు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ చెప్తా.

నేనూ అదే డ్యూటీ చేసి వచ్చినవాణ్ణే. నేను ఉన్నది దక్షిణ సూడాన్‌లోని మలకాల్‌లో, తెల్ల నైలు నది ఒడ్డున. ఆ దేశం పుట్టింది 2011 జూలై 9న, అక్కడ ఐక్యరాజ్యసమితి శాంతి మిషన్ మొదలైంది కూడా అదే రోజు. మేం దిగింది వానాకాలం. క్యాంపులో నాలుగు అడుగులు వేశానో లేదో బూటుకు ఇంకో బూటంత మట్టి, చూస్తే మన నల్లరేగడే! వాన పడ్డాక పత్తిచేలో దిగితే కాలిని ఎట్లా పట్టుకుంటుందో అట్లాగే పట్టుకుంది. పెద్ద బండ్లు కూడా కూరుకుపోతాయి, ఆ నెలల్లో చాలా ఊళ్లకు పడవో హెలికాప్టరో తప్ప దారి లేదు. అందరూ ఆ బురదను తిడుతుంటే నాకు మాత్రం ఎందుకో ధైర్యం వచ్చింది.

ఉండేది కంటెయినర్ గదిలో. దోమతెర, మలేరియా మాత్ర, ఈ రెండూ మానొద్దు తమ్ముడూ, ఇంటికొచ్చాక కూడా డాక్టర్ చెప్పినన్ని వారాలు మాత్ర వేసుకో.

డ్యూటీలో ఉన్నంతసేపు ఏమీ తెలీదు. ఆదివారం మధ్యాహ్నం ఉంటుంది చూడు, బట్టలు ఉతికేసి మంచం మీద పడుకున్నాక, అదీ కష్టం. నన్ను నిలబెట్టింది పశువుల క్యాంపు. మన బెటాలియన్‌తో పశువైద్యులు కూడా వస్తారు, అక్కడివాళ్లకు ఆవులంటే ప్రాణం, పెళ్లికి ఇచ్చేది కూడా ఆవులనే. ఆవు కొమ్ములు ఎట్లా పట్టుకోవాలో చిన్నప్పుడే నేర్చుకున్నవాణ్ణి కదా, సెలవురోజు పోయి సాయం చేసేవాణ్ణి. భాష రాదు, అయినా పని ఆగలేదు. ఒకరోజు ఒక పెద్దావిడ జొన్నపిండితో ముద్ద చేసి, జిగట జిగటగా బెండకాయ కూరతో పెట్టింది. అసీదా అంటారంట. నోట్లో పెట్టుకున్నాక కాసేపు మాట రాలేదు నాకు.

ఇక ఇల్లు. మనకంటే మూడున్నర గంటలు వెనక, అక్కడ సాయంత్రం 6 అయితే ఇక్కడ రాత్రి 9:30. ఆ టైమే ఫోన్‌కు పెట్టుకున్నాం. రెండో నెలలో మా నాయనను ఆసుపత్రిలో చేర్చారు, నేను దిగులు పడతానని పది రోజులు దాచారు. ఆ పది రోజులూ మా ఆవిడ గొంతులో ఏదో తేడా, అడిగితే జలుబు అనేది, నేనేమో రాత్రంతా ఏవేవో ఊహించుకునేవాణ్ణి. నిజం తెలిశాక ఏడ్చాను, కానీ ఆ రాత్రే నిద్ర పట్టింది. అప్పటినుంచి మంచైనా చెడైనా ఆ పూటే చెప్పాలని మాట తీసుకున్నా. ఇంట్లోవాళ్లు ఈ వీడియో చూస్తుంటే మీకూ ఇదే చెప్తున్నా, దాచొద్దండీ.

మొన్న ఆ తమ్ముడు ఫోన్ పెట్టేసే ముందు వాళ్లమ్మ తీసుకుంది. ఏమీ అడగలేదు, "అక్కడ సంగటి దొరుకుతుందా నాయనా" అంది. దొరుకుతుంది చిన్నమ్మా, పేరే వేరు అన్నాను.