మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దంటారు

అందరికీ నమస్కారం. కోడళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన అత్తగార్లకు, పని మానుకుని వచ్చిన భర్తలకు ప్రత్యేకంగా నమస్కారం.

నెల తప్పిందని తెలియగానే మన ఇళ్ళల్లో వినిపించే మొదటి మాట, "మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకు". దిష్టి తగులుతుందనీ, నిలుస్తుందో లేదోననీ పెద్దవాళ్ళ భయం. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. కానీ వేవిళ్ళు, నీరసం, దిగులు ఎక్కువగా ఉండేది ఆ మూడు నెలల్లోనే. సాయం కావాల్సిన రోజుల్లోనే ఆడపిల్ల నోరు విప్పకూడదంటే ఎలా?

గర్భం నిలిచాక హెచ్‌సీజీ అనే హార్మోను వేగంగా పెరిగి, 8 నుంచి 11 వారాల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. వికారం ముదిరేది కూడా ఇంచుమించు అప్పుడే. చాలామందికి నాలుగో నెలలో తగ్గుముఖం పడుతుంది. ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోను వల్ల మగత, మలబద్ధకం, గ్యాస్ వస్తాయి. కోడలు మధ్యాహ్నం పూట పడుకుంటే అది బద్ధకం కాదమ్మా.

మన విశాఖ ఉక్కపోతలో వాంతులు కూడా తోడైతే ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. గాజువాక నుంచి జగదాంబ దాకా కిక్కిరిసిన బస్సులో నిలబడి పనికి వెళ్ళే అమ్మాయి సంగతి ఆలోచించండి. ఇంటికొస్తే పోపు వాసన. నిన్నటిదాకా లొట్టలేసుకుని తిన్న చేపల పులుసు పేరెత్తినా కడుపులో తిప్పుతుంది. కడుపు ఖాళీగా ఉంటే వికారం ఇంకా ఎక్కువవుతుంది. అందుకని పొద్దున్న మంచం దిగకముందే రెండు రస్కులో, గుప్పెడు మరమరాలో తినాలి. తర్వాత గంటకో రెండు గంటలకో కొద్దికొద్దిగా. చల్లారిన తిండికి వాసన తక్కువ కాబట్టి పెరుగన్నం, చోడి అంబలి, మజ్జిగ చాలామందికి సయిస్తాయి. ఇద్దరి కోసం తినాలని బలవంతం చేయకండి, మొదటి మూడు నెలల్లో అదనపు తిండి పెద్దగా అవసరం లేదు. అవసరమైనది రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా రూపు కట్టడానికి అది కావాలి, ఆ పని చివరి నెలసరి నుంచి లెక్కిస్తే ఆరో వారానికే మొదలైపోతుంది. మూడో నెల దాకా ఆశా కార్యకర్తకు కూడా చెప్పకపోతే ఆ మాత్ర అందాల్సిన సమయం దాటిపోతుంది.

ఇక మనసు. కోరుకున్న గర్భమే అయినా ఊరికే ఏడుపు రావచ్చు, చిరాకు, టెన్షన్ ఉండవచ్చు. అందరూ సంతోషపడుతుంటే నాకెందుకిలా ఉందని లోలోపల కుమిలిపోయే వాళ్ళున్నారు. మీరు చెడ్డ తల్లులు కారు. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, దేనిమీదా మనసు పోకపోతే డాక్టరుకు చెప్పండి. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరెత్తగానే భయపడేవాళ్ళు ఉన్నారు, మొదట ఫోనులోనే మాట్లాడవచ్చు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు.

గర్భం పోవడం గురించి కూడా మాట్లాడాలి. నెల తప్పిందని తెలిసిన ప్రతి 100 మందిలో పది పదిహేను మందికి అలా జరుగుతుంది. మొదటి మూడు నెలల్లో పోయినవాటిలో సగం దాకా పిండంలోని క్రోమోజోముల, అంటే జన్యువులను మోసే పోగుల తేడా వల్లే. బిందె ఎత్తినందుకో, మెట్లెక్కినందుకో, ఎవరి కళ్ళో పడినందుకో కాదు. ఎవరికీ చెప్పకుండా దాచిన గర్భం పోతే, ఆ ఏడుపు కూడా దాచుకుని మర్నాడు పనికి వెళ్ళాల్సి వస్తుంది. అందుకే ఊరందరికీ చెప్పమనను. భర్తకు, పనిచేసే చోట ఒకరికి, ఆశా కార్యకర్తకు వెంటనే చెప్పండి.

భర్తలూ, ఈ నెలల్లో వంటగది మీరు చూసుకోండి. మంచినీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతున్నా, మూత్రం ముదురు రంగులో కొంచెమే వస్తున్నా, రక్తం కనిపించినా, పొత్తికడుపులో ఒకపక్క గట్టిగా నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా తెల్లారనిద్దాంలే అనుకోవద్దు. ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి.