మాటకు అర్థం: ‘డౌట్’ (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి ఒక విద్యార్థిని. చెప్పమ్మా.

శ్రోత: నమస్కారం మాస్టారూ. ‘డౌట్’లో ‘బి’ పలకనప్పుడు ఎందుకు రాస్తారు?

మాస్టారు: మంచి ప్రశ్న తల్లీ. ఫ్రెంచి నుంచి ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు ఆ మాటలో ‘బి’ లేదు. మూలం లాటిన్ ‘దుబితారె’ అని చూపించడానికి పండితులు తర్వాత చేర్చారు. రాతలో నిలిచింది, నోటికి ఎక్కలేదు. అప్పుకు వాడే ‘డెట్’ సంగతీ ఇంతే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాత నిజామాబాద్.

శ్రోత: సార్, మాది బియ్యం ఎగుమతి చేసే ఆఫీసు. పదహారేళ్లుగా లెక్కలు నేనే చూస్తున్నాను. మొన్న ఓడ రవాణా బిల్లు వచ్చింది. అంటే, ముందు ఆ సరుకు సంగతి చెప్పాలి, అది రెండు విడతలుగా వెళ్లింది...

మాస్టారు: మాట దగ్గరికి రండి.

శ్రోత: బిల్లు తప్పని నా అనుమానం. దుబాయ్‌లోని మా మేనేజరుకు అదే ఇంగ్లిషులో రాశాను. ‘బిల్లు తప్పు’ అన్నదానికి ముందు ‘ఐ డౌట్’ అని పెట్టాను. ఆయన డబ్బు కట్టేశారు!

మాస్టారు: కట్టేస్తారు మరి. ‘బిల్లు తప్పని నేననుకోను’ అని రాశారు మీరు.

శ్రోత: తప్పుందనే కదండీ రాశాను?

మాస్టారు: కాదండీ. మన ‘అనుమానం’ రెండు వైపులా నడుస్తుంది. ‘వాడే తీశాడని అనుమానం’ అంటే తీశాడనే మన లెక్క. ‘వాడు వస్తాడా, అనుమానమే’ అంటే రాడని. ఇంగ్లిషులో మొదటిదానికి ‘సస్పెక్ట్’, రెండోదానికి ‘డౌట్’. ఈ రెండూ కలపకండని ఎన్నిసార్లు చెప్పానో!

శ్రోత: అయితే సార్, తప్పుందని నాకు డౌట్ వస్తే...

మాస్టారు: మళ్లీ అక్కడికే వచ్చారు! సరే, కంగారు పడకండి. ‘డౌట్’ ఉన్నచోట ‘నమ్మను’ అని పెట్టి చదవండి. ‘బిల్లు తప్పంటే నమ్మను.’ మీరు చెప్పదలచుకున్నది ఇదేనా?

శ్రోత: అయ్యో, కాదు సార్!

మాస్టారు: ఈ రోజే మళ్లీ రాయండి. ‘థింక్’ చాలు. ఆ రెండు మాటలూ కలపకండి.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి టీచరుగారు. సమయం తక్కువండీ.

శ్రోత: పిల్లలు ‘టీచర్, ఒక డౌట్’ అంటారు. దిద్దాలా?

మాస్టారు: వద్దమ్మా. ప్రశ్న అనే అర్థంలో అది మన దేశంలో స్థిరపడిపోయింది. స్పానిష్‌లో ‘దూదా’నూ అలాగే వాడతారు. అడిగే పిల్లవాడి నోరు నొక్కకూడదు. విదేశాలకు రాసేటప్పుడు మాత్రం ‘క్వశ్చన్’ అనమనండి. లేకపోతే మీ పాఠాన్నే నమ్మడం లేదని...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది మాస్టారూ. ధన్యవాదాలు.