గాలి పోయాక ఎంత దూరం నడిపారు?

(హన్మకొండలో స్కూటర్లు నడిపే మహిళలతో జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం. నేను మోటార్ మెకానిక్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని. మైకు ముందు కన్నా పానా పట్టుకుని మాట్లాడటమే నాకు తేలిక. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

పంచర్ అనగానే అందరం మేకును తిడతాం. నిజానికి మేకు చేసేది సన్నటి బెజ్జం, అది చిన్న ఖర్చుతో పోతుంది. టైరును చంపేది ఆ తర్వాత మనం నడిపే దూరం. "షాపు ఇక్కడే కదా, మెల్లగా పోదాం" అని నయీంనగర్‌లో గాలి పోయిన బండిని అంబేద్కర్ సెంటర్ దాకా ఎక్కి తోలుకొచ్చేవాళ్ళున్నారు. ఆ కాస్త దూరంలో టైరు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

బండి బరువును మోసేది టైరు రబ్బరు కాదు, లోపలి గాలి. అది పోగానే టైరు పక్కగోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య పడి నలుగుతుంది. యాక్టివా వెనక టైరు కొలత 90/100-10. 90 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 100 అంటే ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు పాళ్ళు, చివరి 10 రిమ్ముది. రిమ్ము 10 అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు. దానికి రెండు వైపులా 90 మిల్లీమీటర్ల చొప్పున టైరు ఎత్తు కలిపితే చక్రం అడ్డుకొలత 434 మిల్లీమీటర్లు. ఒక్క చుట్టు తిరిగితే బండి మీటరున్నర కూడా కదలదు. ఒక కిలోమీటరు పోవాలంటే 730 చుట్లు పైనే తిరగాలి. అంటే గాలి లేకుండా కిలోమీటరు నడిపితే పక్కగోడలో ప్రతి చోటా అన్నిసార్లు మడత పడ్డట్టే. మీ బరువు, ఇంజను బరువు, వెనక కూర్చున్నవాళ్ళ బరువు అన్నీ ఆ మడత మీదే. గోడలో ఉండే నైలాన్ దారాలు వేడెక్కి ఒక్కొక్కటీ తెగుతాయి. ట్యూబు టైరైతే ఇంకో తంటా ఉంది. గాలి లేని టైరు రిమ్ము మీద జారుతూ ట్యూబును వెంట లాక్కుపోతుంది, గాలి కొట్టే వాల్వు మాత్రం రిమ్ము బెజ్జంలో ఇరుక్కుని, ట్యూబుకు అతికిన చోటే చిరుగుతుంది. దానికి ప్యాచ్ వేయలేరు, ట్యూబే మార్చాలి.

అందుకే బండి తీరు మారగానే గుర్తుపట్టండి. హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు లాగితే ముందు టైరు. నడుము కింద బండి తోక ఊపుతున్నట్టుంటే వెనక టైరు. గట్టిగా బ్రేకు వేయకండి. యాక్సిలరేటర్ వదిలేసి, మెల్లగా ఎడమ పక్కకు ఆపండి. దిగి నెట్టుకుంటూ పోండి. నెట్టినా టైరు కొంత నలుగుతుంది, కానీ మీరు ఎక్కి కూర్చున్నంతగా కాదు.

ట్యూబ్‌లెస్ టైరులో, అంటే లోపల ట్యూబు లేని టైరులో, మేకు కనబడితే రోడ్డు మీద పీకొద్దు. ఆ మేకే బిరడా లాగా గాలిని ఆపుతూ ఉంటుంది. టైరు ఇంకా గట్టిగానే ఉంటే దగ్గరి షాపుకు నెమ్మదిగా పోవచ్చు. మన ఊళ్ళ పొలం బాటల్లో సర్కారు తుమ్మ ముల్లు కూడా ఇదే పని చేస్తుంది. బయట విరిగిపోయి, లోపల మొన ఉండిపోతుంది. పొద్దున నిండుగా ఉన్న టైరు మర్నాటికి మెత్తబడితే ముందు ముల్లు కోసం వెతకండి. దొరక్కపోతే వాల్వు మీద కాస్త ఉమ్మి రాసి చూడండి. బుడగ వస్తే తప్పు లోపలి పిన్నుది. పిన్ను మారిస్తే సరిపోతుంది.

ఇక షాపులో. ట్యూబును నీళ్ళ టబ్బులో ముంచి బుడగలు పట్టడం మీరందరూ చూసిందే. ఆ తర్వాతి రెండు పనులే ముఖ్యం. ఒకటి, బెజ్జం చుట్టూ బాగా గరుకు చేయడం. రెండోది సొల్యూషన్, అంటే ప్యాచ్ జిగురు, రాసి ఆగడం. తడి మెరుపు పోయి, వేలు పెడితే కొద్దిగా అంటుకునేదాకా ఆగాలి. తడి మీదే ప్యాచ్ వేస్తే ఎండకు ఊడొస్తుంది. ఇక్కడ తొందర పెట్టేది ఎక్కువగా మనమే. "అన్నా, జల్దీ" అంటూ నెత్తిన నిలబడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డతో తడిమించండి. ముల్లు అక్కడే ఉంటే ఇంటికి చేరేలోపే మళ్ళీ పంచర్. ట్యూబులో పక్కపక్కనే రెండు బెజ్జాలుంటే మాత్రం మేకు కోసం వెతకడం దండగ. గాలి తక్కువున్నప్పుడు గుంతలో పడితే రిమ్ము అంచులు ట్యూబును నొక్కి అట్లా కోస్తాయి.

పాత చేతక్‌లు ఈ విషయంలో దొరబిడ్డలు. పక్కన స్టెప్నీ ఉండేది, ముందుకైనా వెనక్కైనా అదే సరిపోయేది. ఇప్పుడు చాలా గేర్‌లెస్ స్కూటర్లకు సైలెన్సర్ విప్పితే గానీ వెనక చక్రం బయటికి రాదు. అందుకే ట్యూబ్‌లెస్‌కు చక్రం విప్పకుండా, బెజ్జాన్ని గరుకు పుల్లతో పొడిచి స్ట్రిప్, అంటే జిగురు రబ్బరు పట్టీ, దూర్చేస్తారు. టైరులో రోడ్డుకు తగిలే నడుమ భాగంలో పడ్డ చిన్న బెజ్జానికి అది చాలు. కానీ గాలి లేకుండా కాస్త దూరమైనా నడిపి ఉంటే స్ట్రిప్‌తో సరిపెట్టకండి. "అన్నా, ఒకసారి టైరు విప్పి లోపల చూపెట్టు" అని అడగండి. లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉన్నా, గోడ చుట్టూ అరిగిన గీత కనబడినా, దారాలు తేలినా ఆ టైరు పని అయిపోయింది. పక్కగోడలో బెజ్జం పడితే ఎంత చిన్నదైనా అతికించొద్దు, ఆ భాగం ప్రతి చుట్టులో వంగుతూనే ఉంటుంది. "ట్యూబు వేసేద్దాం మేడం" అంటారు. ట్యూబు గాలిని ఆపుతుంది గానీ తెగిన దారాలను అతికించదు.

మార్చాల్సి వస్తే టైరు పక్కన రాసినది చదవండి. 90/100-10 53J అని ఉంటే, 53 అంటే 206 కిలోల బరువు, J అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగం వరకు అని. కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 3223 అంటే 2023లో 32వ వారంలో తయారైనది. "ఫ్రెష్ మాల్" అనే మాట కన్నా ఆ అంకెలు నమ్మదగ్గవి. యాక్టివా 6జీకి ముందు 12, వెనక 10 అంగుళాలు. జూపిటర్‌కు రెండూ 12. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా చూడండి. ట్యూబ్‌లెస్‌కు వాల్వు కూడా కొత్తది వేయించండి. కొత్త టైరు మీద మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా పోండి, దాని పైపొర జారుతుంది.

గాలి గురించి ఒక్క మాట. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టించుకునేవాళ్ళు వరంగల్‌లో చాలామందే ఉన్నారు. ఇది పూర్తిగా తలకిందుల లెక్క. గాలి తగ్గితే గోడ ఎక్కువ వంగుతుంది, వంగితే ఇంకా వేడెక్కుతుంది. యాక్టివాకైతే ముందు 22, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36 పీఎస్ఐ, అంటే గాలి మీటరు చూపే ఒత్తిడి అంకె. వేరే బండైతే దాని పుస్తకంలో చూసుకోండి. టైరు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే కొట్టించండి.

బయట చెట్టు కింద రెండు పాత టైర్లు కోసి పెట్టాను. ఒకటి మేకు దిగగానే ఆపిన బండిది, ఇంకోటి గాలి లేకుండా నడిపినది. ఏది ఏదో నేను చెప్పను. చేత్తో లోపల తడిమి మీరే చెప్పండి. చేతులు నల్లగవుతాయి, సబ్బు అక్కడే ఉంది.